నాలుగు తిప్పులు, డెబ్భై ఏళ్ళు

మా అమ్మ మంచం మీద పక్కకి ఒత్తిగిలితే చాలు, ఇల్లంతా గిర్రున తిరిగేది. మెడ ఎముకలు అరిగాయన్నారు, కాలర్ వేశారు, రెండేళ్ళు మాత్రలు మింగించారు. చివరికి ఒక ఈఎన్‌టీ డాక్టరు ఆవిడ తలని నాలుగు భంగిమల్లో తిప్పి, ఐదు నిమిషాల్లో లేపి కూర్చోబెట్టాడు. తిరుగుడు పోయింది. "ఇంతేనా?" అంది అమ్మ.

ఇంతోటి దానికి రెండేళ్ళెందుకా అని చరిత్ర తవ్వితే, వైద్యలోకానికే డెబ్భై ఏళ్ళు పట్టిందని తేలింది!

ఈ జబ్బుని 1921లో వర్ణించినవాడు రాబర్ట్ బరానీ, చెవిలోని తూకపు వ్యవస్థ మీద పనికి 1914 నోబెల్ అందుకున్నాయన. 1952లో డిక్స్, హాల్‌పైక్ దాన్ని పట్టుకునే పరీక్ష చెప్పారు. 1969లో షుక్‌నెక్ట్ అసలు కారణం చెవిలోని సున్నపు రేణువులన్నాడు. అవి ఉండాల్సిన చోటు నుంచి ఊడి, అర్ధచంద్రాకారపు గొట్టంలో చేరి, తల కదలకపోయినా కదిలినట్టు మెదడుకి తప్పుడు కబురు పంపిస్తాయి. అయితే అవి లోపలి పొరకి అతుక్కుపోతాయని ఆయన లెక్క. మొండికేసిన కేసుల్లో ఆ నరాన్నే కోసేసే ఆపరేషను 1974లో గాసెక్ మొదలుపెట్టాడు.

అమెరికాలో పోర్ట్‌లాండ్ డాక్టరు జాన్ ఎప్లీ మాత్రం వేరేలా ఆలోచించాడు. రేణువులు అతుక్కోలేదు, ద్రవంలో తేలుతున్నాయి. అలాంటప్పుడు కొయ్యడమెందుకు? తలని వరసగా తిప్పితే భూమ్యాకర్షణే వాటిని వెనక్కి దొర్లిస్తుంది కదా! 1980లో తోటి డాక్టర్ల ముందు చేసి చూపిస్తే నమ్మలేదు. జర్నళ్ళు వ్యాసం తిప్పి పంపాయి. అది అచ్చయ్యేసరికి 1992. అదే ఏడాది కెనడాలో పార్న్స్, మెక్‌క్లూర్ ఆపరేషను చేస్తూ ఆ గొట్టంలో తేలుతున్న రేణువుల్ని చూశామని రాశారు. 2008కి అమెరికా న్యూరాలజీ అకాడమీ ఈ పద్ధతిని గట్టిగా సిఫార్సు చేసింది. ఎప్లీ 2019లో పోయాడు.

ఆ డాక్టర్లని తిట్టబోయి ఆగాను. నెలల తరబడి ఏడిపించిన బగ్గుకి కొత్త కుర్రాడెవడైనా రెండు లైన్ల ఫిక్స్ తెస్తే, "ఇంత తేలికైతే మాకు తట్టదా?" అని నేనూ మొహం చిట్లించినవాణ్ణే. పరీక్షించి కాదనడం వేరు, తేలిగ్గా ఉందని కాదనడం వేరు.

ఒక్క మాట. తల తిరిగిన ప్రతిసారీ కారణం ఇదే కాదు, పక్షవాతం కూడా అలాగే మొదలవ్వచ్చు. కాబట్టి వీడియో చూసి సొంతవైద్యం మొదలెట్టకండి, ముందు డాక్టరుకి చూపించుకోండి. కానీ పడుకున్నప్పుడో ఒత్తిగిలినప్పుడో నిమిషంలోపు తిరిగి ఆగిపోతుంటే, మాత్రలు రాయించుకునే ముందు "ఆ పరీక్ష చేస్తారా?" అని అడగండి. మా అమ్మకి అడగడం తెలియకే రెండేళ్ళు పోయాయి.