ఎర్ర ఇటుకల ఇల్లు, కట్టని రెండో సగం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు మన పెద్దవాళ్లు. ఇంగ్లండులో విలియం మారిస్ అనే కవి ఆ రెండూ ఒకేసారి తలకెత్తుకున్నాడు. 1859లో జేన్ బర్డెన్‌ని పెళ్లాడాడు. లండన్ పక్కన బెక్స్‌లీహీత్‌లో తమకో ఇల్లు కట్టిపెట్టమని స్నేహితుడు ఫిలిప్ వెబ్‌ని అడిగాడు. వెబ్ సొంతంగా చేసిన మొదటి ఇల్లు అదే. 1860లో అందులో కాపురం పెట్టారు. పేరు రెడ్ హౌస్.

అప్పట్లో అక్కడ డబ్బున్నవాళ్లు చాలామంది ఇటుక కనపడకుండా గిలాబా చేయించి, రాతి ఇల్లులా కనిపించేలా చూసుకునేవారు. వెబ్ ఇటుకను ఇటుకలాగే వదిలేశాడు. ఏటవాలు ఎర్ర పెంకుల కప్పు, కిటికీల మీద కోసుగా లేచే ఇటుక కమానులు. లోపల చలిమంట వేసుకునే గూళ్లూ ఇటుకవే. కిటికీలు బయటికి వరసగా కనిపించాలన్న పట్టింపు లేదు. లోపలి గదికి ఎక్కడ కావాలో అక్కడే పెట్టాడు.

ఏ ఇంటి ప్లాను చూసినా నా కళ్లు ముందు వంటింటిని వెతుకుతాయండీ. లండన్ ఇళ్లలో వంటవాళ్లు నేలమాళిగలో మగ్గిపోయే కాలంలో, ఇక్కడ వంటింటి కిటికీలు తోటవైపు తెరుచుకుంటాయి. ముఖ్యమైన గదులు మాత్రం ఉత్తరానికి ఉన్నాయి. ఆ దేశంలో ఉత్తరపు గదికి ఎండ రాదు, చలే. అయినా జేన్ నీలం ఉన్నిబట్ట మీద పూలు కుట్టి గోడలకు వేలాడదీసింది. స్నేహితులొచ్చి గోడల మీద బొమ్మలు వేశారు. ఇద్దరు ఆడపిల్లలూ అక్కడే పుట్టారు.

ఇల్లు ఇంగ్లీషు 'ఎల్' అక్షరంలా ఉంటుంది. ఆ వంపులో బావి, దానికి గొడుగులాంటి పెంకుల కప్పు. చిత్రకారుడు బర్న్-జోన్స్ కుటుంబం కూడా వచ్చి ఉండేలా, బావి ముంగిలిని చుట్టుతూ మరో భాగానికి 1864లో వెబ్ ప్లాను గీశాడు. చూడగానే నాకు మన మండువా లోగిలి గుర్తొచ్చింది.

అదే ఏడాది బర్న్-జోన్స్ భార్యకు విషజ్వరం వచ్చింది. పుట్టిన బిడ్డ కొద్ది వారాలకే పోయాడు. వాళ్లు రాలేమన్నారు. రోజూ లండన్‌కి తిరిగే మారిస్ కూడా జబ్బుపడ్డాడు. 1865లో ఇల్లు వదిలి లండన్ చేరారు. ఆయన మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఇల్లు మాత్రం నిలిచి ఉంది. 2003 నుంచి నేషనల్ ట్రస్ట్ చూసుకుంటోంది.

మా డాబా మీదా పిల్లర్లకు ఊచలు అలాగే వదిలి ఉంచాం, మరిదిగారి కుటుంబం వస్తే పై అంతస్తు వేద్దామని. తుప్పు పడుతున్నాయి, కోయించేద్దామంటారు మావారు. ముందు వాళ్లకి ఫోన్ చేసి, వస్తారా అని అడుగుదామన్నాను.