ఏడు హాలీ, ఆరు కల్దార్

మా బెల్లంపల్లిలో పాత సందూకులు తెరిస్తే, ఏదో ఒక ఇంట్లో చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి బయటపడుతుంది. చూసినవాళ్ళు అడిగేది ఒకటే మాట: "ఇప్పుడు దీనికెంతొస్తది?" అవుసలాయన తూకం వేసి ఒక ధర చెప్తాడు. ఫోన్‌లో వెతికితే లక్షలు కనిపిస్తాయి. ఈ రెండు ధరల నడుమ అసలు సంగతి తెలియాలంటే, ఈ బిళ్ళ బజార్లో నడిచిన రోజుల్లో దాని విలువ ఎట్లా కట్టారో చూడాలని నాకనిపించింది.

దీని పేరు హాలీ సిక్కా. హాలీ అంటే 'ఇప్పుడు నడుస్తున్నది'. నిజాం రాజ్యం సొంత నాణెం. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవాళ్ళు, అంటే యంత్రం మీద తయారైనది. అప్పటి హాలీలు చేత్తో కొట్టినవి కాబట్టి ఆ తేడా. తర్వాత హాలీ కూడా యంత్రమెక్కింది గానీ, కల్దార్ అన్న పేరు మాత్రం బ్రిటిష్ రూపాయికే ఉండిపోయింది.

మారకం లెక్క దాదాపుగా ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. పెత్తనం వాళ్ళది కాబట్టి వాళ్ళ రూపాయికి విలువెక్కువ అని మొదట నేననుకున్నది. కాగితం మీద లెక్క వేస్తే వేరే సంగతి తేలింది. కల్దార్ బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. హాలీ బరువు సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. ఆరు కల్దార్లలో ఉన్న వెండి దాదాపు 64 గ్రాములు. ఏడు హాలీల్లోనూ అంతే! ఆ మారకాన్ని తూచి పెట్టినట్టే ఉంది.

బెల్లంపల్లికి ఇది దూరపు సంగతి కాదు. మన ఊరు కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మీద ఉంది. ఉత్తరం దిక్కు రైలెక్కి వార్ధా నది దాటితే అప్పట్లో బ్రిటిష్ ఇండియా. జేబులో ఏడు రూపాయలతో ఎక్కిన మనిషి, దిగేసరికి ఆరు రూపాయల మనిషి.

తర్వాత ఆ తూకమూ నిలవలేదు. యుద్ధం వచ్చి, 1940లో కల్దార్‌లో వెండి సగానికి పడింది. హాలీ కూడా అదే దారి పట్టింది. అందుకే ఈ రోజు విలువ కట్టేవాళ్ళు ముందు చూడాల్సింది సంవత్సరం. హిజ్రీ అంకెను 0.97తో గుణించి 622 కలపాలి. 1343 అని ఉంటే 1924–25 అన్నమాట. చార్మినార్ వాకిట్లో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. అది మీమ్ అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం, ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. 92 అన్న అంకె కనిపిస్తే అది సంవత్సరం కాదు. అక్షరాలకు విలువలిచ్చే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ పేరుకు వచ్చే మొత్తం.

పాతదైతే చాలు, ధర పలుకుతుందన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది. సేకరించేవాళ్ళ లెక్క అది కాదు. ఎన్ని మిగిలాయి, ఎంత అరిగింది, ఎవరికి కావాలి అని చూస్తారు. దండలో గుచ్చడానికి కొక్కెం అతికించినా, చింతపండుతో తళతళా తోమినా వాళ్ళ దృష్టిలో విలువ పడిపోతుంది. మీ నాణేనికి లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి అనేవాళ్ళ గురించి రిజర్వ్ బ్యాంకే 2021లో జనాన్ని హెచ్చరించింది.

ఈ కొలతలేవీ పట్టుకోలేని విలువ ఇంకొకటుంది. దాన్ని చూడాలంటే గోదావరి అవతలి ఒడ్డున, పాత కరీంనగర్ జిల్లాలోని కోటిలింగాలకు పోవాలి. అక్కడ దొరికినవాటిలో ఎక్కువ వెండివి కావు, చిన్నచిన్న లోహపు బిళ్ళలు. కరిగిస్తే ఏమీ రాదు. సంగనభట్ల నరహరి శర్మ వాటిని ఓపికగా సేకరించారు. పి.వి. పరబ్రహ్మ శాస్త్రి వాటి మీది అక్షరాలు చదివారు. గోబద, నారన, సమగోప అనే పేర్లు, శాతవాహన వంశానికి మూలపురుషుడైన శ్రీముఖుడి పేరు బయటికొచ్చాయి. శాతవాహనుల తొలి అడుగులు ఎక్కడివన్న చర్చలో తెలంగాణకు గట్టి ఆధారం దొరికింది.

అవే బిళ్ళలు ఏ ఊరివో తెలియకుండా అంగట్లో కలిసిపోయి ఉంటే, పాత చిల్లరగా మిగిలేవి. ఎక్కడ దొరికాయన్న ఆ ఒక్క సంగతే వాటికి అంత విలువ తెచ్చింది. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టర్‌కు తెలపాలని 1878 చట్టం ఎందుకంటుందో ఇక్కడ అర్థమవుతుంది.

సందూకులోని హాలీకి చట్టంతో పనిలేదు, అది ఇంటి సొత్తు. కానీ దానికీ ఒక జాడ ఉంది. బొగ్గుబాయి జీతంలో వచ్చిందా, పెళ్ళిలో పెట్టిందా, ఎడ్లు అమ్మితే వచ్చిందా? 1950లో భారత రూపాయి వచ్చాక కొన్నేళ్ళు రెండూ నడిచాయి. ఆ దశాబ్దం చివరికి హాలీ పూర్తిగా తప్పుకుంది. దాన్ని చేత్తో లెక్కపెట్టిన ముసలోళ్ళు కొద్దిమందే మిగిలారు. వెండి ధర రేపైనా తెలుస్తుంది. తూకానికి ఇచ్చేముందు ఇంట్లో పెద్దవాళ్ళను ఆ ఒక్క మాట అడిగి, చెప్పింది ఓ కాగితం మీద రాసి, బిళ్ళను అందులో చుట్టి పెట్టండి.