దారి ఖర్చులు

తొమ్మిదో తరగతిలో ఉండగా జిల్లా సైన్స్ ఫెయిర్‌కు మన బడి నుంచి ఇద్దరం ఎంపికయ్యాం. బస్సు చార్జీలు ఇంట్లో అడిగే పరిస్థితి కాదు నాది. ఎలా గ్రహించారో గానీ, ఫిజికల్ సైన్స్ మాస్టారు టికెట్లు తానే తీశారు. బహుమతి రాలేదు. సోమవారం మాస్టారు నన్ను నిలబెట్టి, అక్కడ చూసిందంతా క్లాసుకు చెప్పమన్నారు. పీరియడ్ మొత్తం చెప్పాను.

చాలా ఏళ్ల తర్వాత భౌతికశాస్త్ర చరిత్ర చదువుతుంటే ఆ టికెట్లు గుర్తొచ్చాయి.

బెల్జియంలో ఎర్నెస్ట్ సాల్వే అనే పారిశ్రామికవేత్త ఉండేవారు. అనారోగ్యం వల్ల యూనివర్సిటీ చదువుకు నోచుకోలేదు. ఉప్పునీరు, అమ్మోనియా, సున్నపురాయి వాడి సోడా యాష్‌ను చవగ్గా తయారుచేసే పద్ధతి రూపొందించి కోటీశ్వరుడయ్యారు. శక్తి ధారగా కాక చిన్న చిన్న మోతాదుల్లో వెలువడుతుందని మాక్స్ ప్లాంక్ 1900లో అన్నప్పటి నుంచి శాస్త్రజ్ఞులు ఎవరి దేశంలో వాళ్లు తలలు పట్టుకుంటున్నారు. వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెడదామని బెర్లిన్ ప్రొఫెసర్ వాల్టర్ నెర్న్‌స్ట్ సాల్వేను అడిగారు. ఇంకా సమయం రాలేదని ప్లాంకే సందేహించారు. సాల్వే మాత్రం సరేనన్నారు. వచ్చే ప్రతి ఒక్కరికీ దారి ఖర్చులకు 1000 ఫ్రాంకులు ఇస్తామన్నారు.

1911 అక్టోబరు 30 నుంచి నవంబరు 3 వరకు బ్రస్సెల్స్‌లోని మెట్రోపోల్ హోటల్లో సమావేశం జరిగింది. అధ్యక్షుడు లోరెంజ్. ప్లాంక్, మేరీ క్యూరీ, రూథర్‌ఫర్డ్, పోంకారే, 32 ఏళ్ల ఐన్‌స్టీన్ వచ్చారు. ఐదు రోజులు వాదించుకున్నా సమస్య తేలలేదు. తనకు కొత్తగా తెలిసిందేమీ లేదని ఐన్‌స్టీన్ మిత్రుడికి రాశారు. ఆ లెక్కన సాల్వే డబ్బు దండగే!

కానీ జరిగింది వేరు. క్వాంటం వాదంతో అంతవరకు పెద్దగా పరిచయం లేని పోంకారే పారిస్ తిరిగి వెళ్లి, ఆ మోతాదులు లేకుండా ప్లాంక్ సూత్రం రాదని కొద్ది వారాల్లోనే గణితపరంగా చూపించారు. మరుసటి ఏడాది జూలైలో కన్నుమూశారు. రూథర్‌ఫర్డ్ ఇంగ్లండ్ వెళ్లి అక్కడి చర్చలను నీల్స్ బోర్ అనే కుర్రవాడికి ఉత్సాహంగా చెప్పారు. 1913లో బోర్ పరమాణు నమూనా వచ్చింది. సమావేశ కార్యదర్శుల్లో ఒకరైన మారిస్ డీబ్రోలీ తమ్ముడు లూయీకి అప్పుడు 19 ఏళ్లు. అన్న దగ్గరున్న ఆ చర్చల ప్రతులు చదివి భౌతికశాస్త్రం వైపు మళ్లాడు. ఎలక్ట్రానుకు తరంగ స్వభావం ఉందని 1924లో ప్రతిపాదించింది అతడే.

బోర్‌కు గానీ లూయీకి గానీ ఆ 1000 ఫ్రాంకుల్లో ఒక్కటీ అందలేదు. వెళ్లినవాళ్లు మోసుకొచ్చిన మాటే వాళ్లకు అందింది. 1912లో సాల్వే 10 లక్షల ఫ్రాంకులతో భౌతికశాస్త్ర సంస్థనే నెలకొల్పారు. ఆ పేరుతో సమావేశాలు నేటికీ సాగుతున్నాయి.

స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టాలని కొందరు, వేదిక కట్టాలని కొందరు అంటున్నారు. రెండూ మంచివే. నా మనవి ఒక్కటే: అందులో కొంత దారి ఖర్చులకు వేరుగా ఉంచుదాం. ఏటా ఇద్దరు పిల్లల్ని, ఒక మాస్టారినో టీచరమ్మనో ఎక్కడికైనా పంపుదాం. బహుమతి తేవాలని అడగొద్దు. తిరిగొచ్చాక సోమవారం క్లాసులో ఒక పీరియడ్ మాట్లాడితే చాలు.

మాస్టారి బాకీ నేను తీర్చలేదు. ఇలాగైనా మొదలుపెడతాను.