నిర్బంధంలో నీతి: భట్టిప్రోలు, స్టువర్టుపురం, తెనాలి

బౌద్ధుల శీలాన్ని, క్రైస్తవుల పశ్చాత్తాపాన్ని, హిందువుల ధర్మాన్ని పక్కపక్కన పెట్టి పోల్చిన వ్యాసాలకు మనకు లోటు లేదు. గ్రంథాలను ఆశ్రయించే ఈ పోలికల్లో ఒక ప్రశ్న జారిపోతుంది: ఆ మనిషికి మారనని చెప్పే వీలుందా? ఆ వీలు లేనిచోట కనిపించే సత్ప్రవర్తనను ఆధ్యాత్మిక ఎదుగుదల కింద జమకట్టకూడదని నా వాదన.

తెనాలి–రేపల్లె రైలుమార్గంలోని భట్టిప్రోలులో 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ బౌద్ధ స్తూపాన్ని తవ్వించినప్పుడు శాసనాలున్న ధాతుమంజూషలు బయటపడ్డాయి. బుద్ధధాతువుల కోసం మంజూషను, స్ఫటికపు భరిణెను చేయించినవారిగా ఒకదానిపై కురుడి తండ్రి, తల్లి, కురుడు, శివుడనే మరొకరు కనిపిస్తారు. ఈ శాసనాల్లో కుబేరకుడనే రాజు పేరు కూడా ఉంది; అదీ ఒక గోష్ఠికి పెద్దగా. పుణ్యంమీద ఆశో, నలుగురిలో పేరో వీరిని కదిలించి ఉండవచ్చు, కాదనలేం. అయినా శాసనం చెప్పేది చేయించినవారి పేర్లనే. అందులో ఆజ్ఞ ఊసు లేదు.

బాపట్ల దగ్గరి స్టువర్టుపురం కథ వేరు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేర వెలసిన ఈ సెటిల్‌మెంటులో ఎరుకల కుటుంబాలను ఉంచి, నిర్వహణను క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. వెనక ఉన్నది 1911 నాటి నేరస్థ తెగల చట్టం. పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర, హాజరు పట్టీ, ఊరు దాటాలంటే పాసు. వీటి నడుమ సువార్త. పాపం వ్యక్తిది, క్షమ అందరికీ అనే మతం, నేరాన్ని కులానికి అంటగట్టిన చట్టానికి కాపలా కాయడం నాకు వింతగా తోస్తుంది. బడులు పెట్టారు, పొలాలిచ్చారు, చీరాల పొగాకు కంపెనీలో పని చూపారు కదా అనవచ్చు. నిజమే, ఆ మేలును తక్కువ చేయనక్కర్లేదు. కానీ పాసు లేక ఇంటిపట్టున ఉన్నవాడిని సంస్కారం వచ్చినవాడని ఎలా లెక్కిస్తాం? 1952కల్లా చట్టం దేశమంతటా రద్దయింది. 1970లలో నాస్తికోద్యమ నాయకుడు గోరా కోడలు, తానూ నాస్తికురాలైన హేమలతా లవణం అక్కడికి వెళ్లినప్పుడు ఆమె చేతిలో హాజరు పట్టీ లేదు; నేరవృత్తి మానుకున్నవారు ఆమె మాట విని మానుకున్నారు. దైవాన్ని నమ్మనివారిది ఆధ్యాత్మికత ఎలా అవుతుందని అడిగేవారికి నా జవాబు ఇదే: ఇక్కడ కొలవాల్సింది బోధకుల విశ్వాసాన్ని కాదు, విన్నవారిలో వచ్చిన మార్పును.

మరీ గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: బలవంతమే లేకపోతే బలహీనులను కాచేదెవరు? హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలి పురపాలక సంఘ అధ్యక్షుడిగా గ్రామదేవత గంగానమ్మకు జంతుబలిని నిషేధించారు. ఆ హక్కు పాలకులకు ఉందనే అనుకుంటాను. హింసను ఆపడం చట్టం పని. నిషేధంతో జీవాలు బతుకుతాయి. బలి ఇచ్చేవాడి మనసు మాత్రం ఉన్నచోటే ఉండిపోవచ్చు. అదే చౌదరి తెలుగులో ‘వివాహవిధి’ రాసి, తానే పురోహితుడై పెళ్ళిళ్లు జరిపించారు. ఆ పని పదవితో చేసింది కాదు. సంస్కృత మంత్రాలే కావాలనుకున్న ఇళ్లవాళ్లు తమ పురోహితుణ్ణే పిలుచుకున్నారు. తెలుగులో అర్థమయ్యే ప్రమాణాలు కావాలనుకున్నవాళ్లు, బంధువుల నిష్ఠూరానికి సిద్ధపడి, చౌదరిని పిలిచారు.