నిరాకరింపబడిన బాల్యము

అమెరికాలోని బాలనేరస్థుల న్యాయవ్యవస్థయందలి జాతివైషమ్యమును గూర్చి వ్రాయువారు పెక్కురు 1995 ప్రాంతమున చెలరేగిన ‘సూపర్ ప్రిడేటర్’ (జాలిలేని క్రూర బాలనేరస్థుడు) భయమునుండియో, మాదకద్రవ్యములపై సాగిన పోరాటమునుండియో కథ మొదలిడుదురు. అంతకు పూర్వము దయార్ద్రమైన బాలన్యాయమొకటి యుండెననియు, అది పిదప కాఠిన్యమునకు లోనై చెడెననియు వారి తాత్పర్యము. ఆ దయ అందరు బిడ్డలకును సమముగా అందినదా యని అడిగినచో ఈ కథ నిలువదు.

న్యూయార్కులో 1825లో బాలనేరస్థులకై తొలి ఆశ్రయగృహమును, చికాగోలో 1899లో తొలి బాలల న్యాయస్థానమును వెలసిన సంగతి ఎల్లరెరిగినదే. ఫిలడెల్ఫియాలో 1828లో తెరచిన అట్టి గృహము తెల్లవారి పిల్లలకే పరిమితమై, నల్లవారి పిల్లలకు వేరొకటి ఏర్పడుటకు 20 ఏండ్లకు పైగా పట్టెననుట మాత్రము అంతగా చెప్పుకొనరు.

అసలు వివాదము దక్షిణ రాష్ట్రముల నల్లజాతి పాఠశాలలను గూర్చినది. అంతర్యుద్ధానంతరము అచట ఖైదీలను గనులకును, పొలములకును, రైలుమార్గముల పనులకును కౌలుకిచ్చు పద్ధతి ప్రబలగా, నల్లజాతి బాలురును పెద్దలతోపాటు ఆ వెట్టిలో నలిగిరి. అలబామాలో తెల్లజాతి బాలురకు పారిశ్రామిక పాఠశాల అంతకు మునుపే యుండగా, నల్లజాతి బాలురకై మౌంట్ మెగ్స్‌లో 1907లో పాఠశాలను నెలకొల్పినది ప్రభుత్వము కాదు. టస్కెగీ విద్యాలయములో చదివిన కార్నీలియా బోవెన్, ఆమెకు తోడునిలిచిన నల్లజాతి మహిళాసంఘములు. వర్జీనియాలో జేనీ పోర్టర్ బారెట్ అను మహిళ 1915లో బాలికలకు ఇట్టిదే తెరచి, దేహదండనను వర్జించెను. వేరు పాఠశాలలను కోరి వీరు వర్ణవిభజనకు లోబడిరని ఆక్షేపించువారు కలరు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని చెరసాలయో, గనియో తప్ప వేరు దారి లేని బిడ్డకు, తన్ను విద్యార్థి యని పిలుచు చోటు దొరకుట సామాన్యమా? 1911లో రాష్ట్రము చేపట్టిన పిమ్మట మౌంట్ మెగ్స్ పిల్లలచే పత్తిచేలలో చాకిరి చేయించు తావుగా మారుట, నా దృష్టిలో, ఆ స్త్రీల ఓటమి కాదు, ప్రభుత్వము చేసిన ద్రోహము. న్యాయస్థానములలోను ఇదే తీరు: సౌత్ కరోలినాలో 1944లో 14 ఏండ్ల నల్లజాతి బాలుడగు జార్జి స్టిన్నీని దోషిగా తేల్చుటకు జూరీకి 10 నిమిషములు చాలెను. బాలుని విద్యుదాసనముపై చంపిరి. ఆ తీర్పు రద్దగుటకు 2014 రావలసి వచ్చెను.

1992లో సమాఖ్య శాసనము ఈ వైషమ్యమునకు పరిహారము వెదకుడని రాష్ట్రములను నిర్బంధించినది. 2000 ప్రాంతమున లక్షకు మించియున్న నిర్బంధిత బాలల సంఖ్య 2021 నాటికి సుమారు 25 వేలకు దిగినది. సంతోషింపదగినదే, అయినను తెల్లజాతి బాలునికంటె నల్లజాతి బాలుడు బందీ యగు అవకాశము 2001లో 4 రెట్లుండగా, 2015లో 5 రెట్లయినది. దీనిని విజయమనుటకు నాకు మనసొప్పదు. బ్రిడ్జెస్, స్టీన్ అను పరిశోధకులు వాషింగ్టన్ రాష్ట్రపు ప్రొబేషన్ అధికారుల నివేదికలను పరిశీలించి 1998లో ప్రకటించిన వ్యాసము నన్ను నేటికిని కలచివేయును: తెల్లబాలుని నేరమునకు వాని పరిసరములను, నల్లబాలుని నేరమునకు వాని స్వభావమును కారణముగా చూపుట ఆ కాగితములలో కానవచ్చినది.