కేలరీల లెక్క మన వంటింటికి వచ్చిన దారి

మూకుట్లో నూనె పోస్తూ "ఇందులో ఎన్ని కేలరీలుంటాయో" అనుకోవడం మన అమ్మమ్మలకు తెలియదు. ఈ లెక్క మనకు చాలా దూరం నుంచి వచ్చింది.

అమెరికాలోని మిడిల్‌టౌన్ ఊళ్ళో, 1890లలో అట్‌వాటర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక చిన్న గది కట్టించాడు. మనిషిని అందులో రోజుల తరబడి ఉంచి, తిండి లోపలికి పంపి, ఒంట్లోంచి వచ్చే వేడిని కొలిచేవాడు. పిండి పదార్థం గ్రాముకు 4 కేలరీలు, మాంసకృత్తులు 4, కొవ్వు 9 అన్న లెక్క ఆయన పరిశోధనల ఫలితమే.

1918లో లాస్ ఏంజెలిస్ డాక్టరమ్మ లూలూ హంట్ పీటర్స్ ఆ లెక్కను ఆడవాళ్ళ చేతికిచ్చింది. ఒళ్ళు తగ్గాలంటే రోజుకు 1200 కేలరీలు దాటవద్దని పుస్తకం రాసింది. సరిగ్గా అదే ఏడాది మన నీలగిరుల్లోని కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు ఒకే ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. మరపట్టిన తెల్లబియ్యమే ఆధారంగా బతికేవాళ్ళకు వచ్చే జబ్బది. మన సర్కారు జిల్లాల్లో ఆ రోజుల్లో బాగా ఉండేది. అక్కడ ఒళ్ళు తగ్గే చింత, ఇక్కడ ఒంట్లో సత్తువ లేని చింత!

ఆ కూనూరు పరిశోధనశాల నుంచే 1937లో ఐక్రాయిడ్ మన దేశపు తిండి పదార్థాల విలువలను పట్టికలుగా వేసి చిన్న పుస్తకం తెచ్చాడు. విచిత్రం చూడండి, అది నూనె తగ్గించమనలేదు. పేదల భోజనంలో పాలు, పప్పు, ఆకుకూరలతోపాటు నూనె కూడా పెంచమంది. మన దేశంలో కేలరీలు లెక్కపెట్టింది ముందు చాలని వాళ్ళ కోసం. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే ఇల్లాలికి ఈ మాట ఇవాళ్టికీ వర్తిస్తుంది. పాలిచ్చే తల్లి పక్కింటావిడను చూసి 1200 లెక్క పట్టుకోకూడదు.

1958లో ఆ పరిశోధనశాల హైదరాబాదు తార్నాకకు వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1971లో గోపాలన్ గారి బృందం, 2017లో తర్వాతివారు పట్టికలను మళ్ళీ తయారుచేశారు. కూర్చుని పనిచేసే స్త్రీకి పైన పోసుకునే నూనె, నెయ్యి కలిపి రోజుకు 20 గ్రాములు చాలని ఆ సంస్థే 2011లో చెప్పింది.

నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో నెలకు ఐదు కిలోల నూనె అయితే మనిషికి రోజుకు సుమారు 40 గ్రాములు. అంటే ఉండవలసిన దానికి రెట్టింపు! పైన పడిన ఆ 20 గ్రాములే 180 కేలరీలు, గుప్పెడు బియ్యంతో సమానం. రాత్రి అన్నం మానేసి, రెండు చపాతీల్లోకి దుంపల వేపుడు వడ్డించుకుంటే ఏం తగ్గినట్టు? వేపుడు ముక్కలను ముందు ఆవిరి మీద సగం ఉడికించండి, నూనె తక్కువ పడుతుంది. పోపుకి డబ్బా ఎత్తి పోయకుండా చెంచాతో కొలవండి. నిండు పెద్ద చెంచా నూనె 120 కేలరీల పైచిలుకు. డబ్బా విప్పిన తేదీ మూత మీద రాసిపెట్టండి. ఖాళీ అయ్యేనాటికి ఎన్ని రోజులైందో చూస్తే, మీ ఇంటి లెక్క మీకే తెలుస్తుంది.