పంటి ఖర్చు నీళ్ళ దగ్గరే మొదలవుతుంది: పొదిలి నుంచి హొగేనకల్ దాకా ఒక చరిత్ర



పండ్ల డాక్టరు దగ్గరికి పోతే ఎంతవుతుందో అన్న దిగులు మన సంఘంలో ప్రతి ఇంట్లోనూ ఉంది. ఎక్కడ తక్కువ తీసుకుంటారు, ఏ పేస్టు మంచిది, బెంగళూరికి పోవాలా, హొసూరులోనే చూపించుకోవచ్చా అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు జవాబు చివర్లో చెప్తాను. దానికంటే ముందు మన సీమలో పంటి ఖర్చు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలి. అది పుట్టింది క్లినిక్కులో కాదు, బావిలో. కాస్త ఓపిగ్గా చదవండి.

మన కృష్ణగిరి, ధర్మపురి పల్లెల్లో పెద్దవాళ్ళు నవ్వితే చాలామంది పండ్ల మీద గోధుమరంగు చారలు, సున్నం చుక్కల్లాంటి తెల్లమచ్చలు కనిపిస్తాయి. దాన్ని "గార" అనుకుని వేపపుల్లతో, ఉప్పుతో, బొగ్గుతో, ఇటుకపొడితో రుద్దినవాళ్ళు ఎందరో. ఎంత రుద్దినా పోదు. ఎందుకంటే అది పైన పట్టిన గార కాదు. పన్ను చిగురులోపల తయారవుతున్నప్పుడే పడిన మచ్చ. దాని పేరు ఫ్లోరోసిస్. నీళ్ళలో ఫ్లోరైడు మోతాదు మించితే వస్తుంది.

ఈ సంగతిని ప్రపంచం కనిపెట్టిన తీరు విచిత్రమైనది. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. ఆ ఊరివాళ్ళ పండ్లు చాలామందివి గోధుమరంగులో ఉండడం చూసి ఆశ్చర్యపోయాడు. కారణం వెతకడానికి దాదాపు 30 ఏళ్ళు పట్టింది. నీళ్ళే కారణమని అతను అనుమానించాడు కానీ నీళ్ళలో ఏముందో తేలలేదు. చివరికి 1931లో హెచ్.వి. చర్చిల్ అనే అల్యూమినియం కంపెనీ కెమిస్టు నీళ్ళను పరీక్షించి ఫ్లోరైడు అని తేల్చాడు. మెకే ఇంకో సంగతి కూడా గమనించాడు. ఆ మచ్చల పండ్లు అంత తొందరగా పుచ్చడం లేదు. అందుకే 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరం తాగునీటిలో కావాలని కొంచెం ఫ్లోరైడు కలపడం మొదలుపెట్టింది. అక్కడ నీళ్ళలో తక్కువై కలిపారు, మన దగ్గర ఎక్కువై తీయాల్సి వచ్చింది.

ఇక మన తెలుగువాళ్ళ కథ. మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడింది తెలుగునేల మీదనే. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో. 1930లలో అక్కడి ఎద్దులు నడవలేక, అరక లాగలేక ఇబ్బంది పడడం రైతుల కంట పడింది. తర్వాత మనుషులను పరీక్షించారు. 1937లో షార్ట్, మెక్రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ గురించి వ్యాసం ప్రచురించారు. పండ్ల మచ్చలతో ఆగలేదనీ, ఏళ్ళ తరబడి అవే నీళ్ళు తాగినవాళ్ళకు వెన్ను, మెడ బిగుసుకుపోతున్నాయనీ రాశారు.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో పొదిలి, హొసూరు రెండూ ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. మన హొసూరు, కృష్ణగిరి అప్పుడు సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయ్యాం. 2004లో కృష్ణగిరి జిల్లా అయ్యాం. జిల్లా పేరు రెండుసార్లు మారినా కింద రాయి మాత్రం అదే. మన కాళ్ళ కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. పలకలు కోసి దేశదేశాలకు ఎగుమతి చేసి డబ్బు తెచ్చిన ఆ రాయిలోనే ఫ్లోరైడు ఉన్న ఖనిజాలూ ఉన్నాయి. నీళ్ళు రాతి పగుళ్ళలో ఎంత లోతున, ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడును తమలో కలుపుకుంటాయి.

మన తాతల కాలంలో తాగింది ఎక్కువగా చెరువు నీళ్ళు, దిగుడుబావి నీళ్ళు. వాటితో కలరా, నారికురుపు లాంటి జబ్బులు వచ్చేవి. ఆ బాధ తప్పించాలని 1970ల నుంచి దేశమంతటా బోర్లు వేసి చేతిపంపులు పెట్టారు. ఇండియా మార్క్ 2 అనే ఆ పంపు మీ ఊళ్ళో కూడా ఉండే ఉంటుంది. అది ఎన్నో ప్రాణాలు కాపాడింది, కాదనలేం. నారికురుపు దేశం నుంచే పోయింది. కానీ రాతినేలలో బోరు లోతుకు పోయేకొద్దీ కొన్ని ఊళ్ళలో ఫ్లోరైడు పైకి వచ్చింది. ఒక జబ్బును తరిమిన నీళ్ళే ఇంకో జబ్బును తెచ్చాయి. దీనికి ఏ ఒక్కరినీ తప్పుపట్టలేం. తెలిసిన తర్వాత ఎంత తొందరగా కదిలామన్నదే ప్రశ్న.

నల్లగొండ వాళ్ళు ముందుగా గొంతెత్తారు. నాగపూరులోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని తయారుచేసి 1975లో దానికి నల్లగొండ పేరే పెట్టింది. మన వైపు మాత్రం అందరూ చూసింది కావేరి వైపే. హొగేనకల్ దగ్గర నది నీళ్ళు తీసి శుద్ధి చేసి ధర్మపురి, కృష్ణగిరి, హొసూరు పట్టణాలకూ వేలాది పల్లెలకూ ఇవ్వాలన్నది ఆలోచన. 1998లో కేంద్రం అనుమతి దొరికింది. తర్వాత పదేళ్ళు కాగితాల మీదే గడిచాయి. 2008 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి కరుణానిధి శంకుస్థాపన చేశారు. జపాన్ బ్యాంకు అప్పు ఇచ్చింది. అంతలో కర్ణాటకలో నిరసనలు లేచాయి. సరిహద్దు ఊరివాళ్ళం కాబట్టి ఆ వేడి మనకు బాగా తగిలింది. ఏప్రిల్‌లో పనులు వాయిదా వేస్తున్నట్టు కరుణానిధి ప్రకటించారు. తర్వాత మళ్ళీ మొదలై, సుమారు 1,900 కోట్ల రూపాయల ఖర్చుతో పూర్తయి, 2013 మే నెలలో ముఖ్యమంత్రి జయలలిత ప్రారంభించారు. పథకం పేరులోనే "ఫ్లోరోసిస్ నివారణ" అన్న మాట ఉంది.

1937 నుంచి 2013 అంటే 76 ఏళ్ళు. మూడు తరాల పండ్లు ఆ మధ్యలో మొలిచాయి. ఒకే ప్రభుత్వం కింద, ఒకే భాష మాట్లాడేవాళ్ళ ఊళ్ళో తెలిసిన సంగతి మన ఊరికి కొళాయి రూపంలో రావడానికి అంతకాలం పట్టింది.

ఇప్పుడు మన డబ్బు సంగతికి వద్దాం. ఈ చరిత్ర నుంచి మనం నేర్చుకోవాల్సినవి ఇవి.

ఒకటి, పిల్లల వయసు. శాశ్వత పండ్ల పైపొర తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ళ లోపే. మచ్చ పడేదీ అప్పుడే. పెద్దవాళ్ళకు కొత్తగా పంటి మచ్చ రాదు గానీ ఎముకలకు హాని ఉంటుంది. కాబట్టి ఇంట్లో మంచినీళ్ళు కొంచెమే ఉంటే ముందు చిన్నపిల్లలకూ కడుపుతో ఉన్నవాళ్ళకూ ఇవ్వండి. తాగడానికే కాదు, సంగటికీ అన్నానికీ కూడా అవే నీళ్ళు వాడండి.

రెండు, నీటి పరీక్ష. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది. వేరే దారి లేకపోతే 1.5 దాకా. నీళ్ళ రుచి చూసి, రంగు చూసి ఫ్లోరైడు చెప్పలేం. తమిళనాడు తాగునీటి మండలికి జిల్లా ప్రయోగశాలలు ఉన్నాయి, సీసాలో పట్టుకుపోతే పరీక్షిస్తారు. కొళాయి ఉంది కదా అని ఊరుకోకండి. ఒకే ట్యాంకులో కావేరి నీళ్ళూ బోరు నీళ్ళూ కలిస్తే లెక్క మారిపోతుంది.

మూడు, కాచడం. నీళ్ళు కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఇంకేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. మామూలు ఫిల్టరు కూడా దాన్ని తీయదు, ఆర్‌ఓ తీస్తుంది. వాన నీళ్ళలో ఫ్లోరైడు దాదాపు ఉండదు.

నాలుగు, మచ్చ పోగొడతామనే పొడులు. మచ్చ లోపలిది కాబట్టి గరుకు పొడులు పైపొరను అరగదీస్తాయి, తర్వాత జివ్వుమంటుంది. ఆ డబ్బు దండగ. మచ్చ తేలికగా ఉంటే అది అందం సంగతే, వైద్యం అవసరం లేదు. గుంటలు పడితే మాత్రం చూపించుకోవాలి.

అయిదు, పుచ్చు వేరు, మచ్చ వేరు. ఫ్లోరైడు అంటే భయపడి పేస్టు మానేయకండి. పేస్టులోని ఫ్లోరైడు పంటి పైన పనిచేసి పుచ్చును ఆపుతుంది. చెడ్డది మింగడం. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆ పైన ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత చాలు. ఉమ్మేయడం నేర్పండి. ఇప్పటి పిల్లలకు బిస్కట్లు, చాక్లెట్లతో పుచ్చు ఎక్కువవుతోంది. చిన్న పుచ్చును అప్పుడే పూడ్పిస్తే కొద్ది డబ్బుతో పోతుంది. నొప్పి వచ్చేదాకా ఆగితే రూట్ కెనాల్, దాని మీద తొడుగు, ఎన్నో రెట్ల ఖర్చు.

ఇక ఎక్కడ తక్కువ అన్న ప్రశ్న. మొదట ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగంలో అడగండి. పెద్ద పని అయితే 1958లో మొదలైన బెంగళూరు ప్రభుత్వ దంత కళాశాల ఉంది, హొసూరు నుంచి 40 కిలోమీటర్లు. దంత కళాశాలల్లో విద్యార్థులు అధ్యాపకుల ముందే వైద్యం చేస్తారు. టైము ఎక్కువ పడుతుంది, డబ్బు తక్కువ పడుతుంది.

చివరగా ఒక మనవి. వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు పల్లెల్లో ఉన్న సభ్యులు తమ తాగునీరు ఒక లీటరు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో తెండి. సీసా మీద ఊరు పేరు, బోరా కొళాయా అన్నది రాయండి. అన్నీ కలిపి ఒకేసారి పరీక్షకు పంపుదాం. ఏ ఊరి లెక్క ఎంతో తెలిస్తే పంచాయతీలో అడగడానికి మన చేతిలో కాగితం ఉంటుంది. పొదిలి సంగతి మన దాకా రావడానికి 76 ఏళ్ళు పట్టింది. మన బావి సంగతి మన పిల్లలకు తెలియడానికి ఒక్క నెల చాలు.